పొదుగులో దాగిన వాపును ఇంటి దగ్గరే పట్టుకోవడం, పాల నమూనాను ప్రయోగశాలకు పంపడం ఎలా?

పొదుగు మెత్తగానే ఉంది, పాలు తెల్లగానే ఉన్నాయి, ఆవు మేత బాగానే తింటోంది, అయినా పాలు రోజురోజుకూ తగ్గుతున్నాయి, పాల కేంద్రంలో ఎస్.ఎన్.ఎఫ్. (కొవ్వు కాక పాలలో ఉండే ఘనపదార్థాల శాతం) కూడా పడిపోతోంది, దీనికి కారణం ఏమిటన్న ప్రశ్న చిత్తూరు, తిరుపతి జిల్లాల్లోని పలమనేరు, బంగారుపాళ్యం, పాకాల, చంద్రగిరి వైపు పాడి రైతుల నుంచి పదే పదే వస్తోంది. ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవనాల వానలకు కొట్టాలన్నీ బురదయ్యే రోజుల్లో ఈ ప్రశ్న మరింత ఎక్కువగా వినిపిస్తుంది. మేత లోపం, ఎద, చూలు, ఎండ వంటి కారణాలు కూడా ఉండవచ్చు గానీ, జెర్సీ, హెచ్.ఎఫ్. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవుల్లో ముందుగా అనుమానించవలసింది పైకి లక్షణాలు కనిపించని పొదుగువాపునే. దీనిని కంటితో పట్టుకోలేము. పొదుగు గట్టిపడి, పాలలో గడ్డలు కనిపించే వాపు మందలో ఒక ఆవుకు వచ్చిందంటే, ఏ లక్షణమూ లేకుండా అదే జబ్బుతో ఉన్న ఆవులు అంతకంటే ఎక్కువే ఉండవచ్చు.

కింద చెప్పిన పనిలో రెండు భాగాలు ఉన్నాయి. మొదటిది మీ ఇంటి దగ్గర మీరే చేసుకునే పరీక్ష, రెండవది ఏ సూక్ష్మజీవి వల్ల వాపు వచ్చిందో, దానికి ఏ మందు పని చేస్తుందో తెలుసుకోవడానికి పాల నమూనాను ప్రయోగశాలకు పంపడం. మొదటిది చాలామంది చేస్తున్నారు. రెండవదానిలోనే ఎక్కువ తప్పులు జరుగుతున్నాయి కాబట్టి దాని గురించి కొంత వివరంగా రాస్తున్నాను.

కావలసినవి

పరీక్షకు నాలుగు గిన్నెలున్న తెల్లటి ప్లాస్టిక్ పళ్లెం, సి.ఎం.టి. ద్రావణం కావాలి. ఈ రెండూ పశువుల మందుల దుకాణాల్లో దొరుకుతాయి. కాలిఫోర్నియా మాస్టైటిస్ (పొదుగువాపు) పరీక్ష, క్లుప్తంగా సి.ఎం.టి., అని పిలిచే ఈ పద్ధతిని 1957లో షాల్మ్, నూర్లాండర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రూపొందించారు. ఇన్నేళ్ల తరువాత కూడా కొట్టంలో నిలబడి నిమిషంలో ఫలితం చూడటానికి ఇంతకంటే చవకైన పద్ధతి లేదనే చెప్పాలి. ద్రావణం దొరకకపోతే బట్టలు ఉతికే సాధారణ డిటర్జెంట్ పొడిని అర లీటరు శుభ్రమైన నీటికి 15 గ్రాముల చొప్పున కలిపి, నురగ అణిగిన తరువాత వాడుకోవచ్చు. పళ్లెం లేకపోతే ఒకే కొలత గల నాలుగు తెల్లటి చిన్న గిన్నెలు చాలు. వీటితో పాటు లోపలి అడుగు నల్లగా ఉండే ఒక గిన్నె, పొడి గుడ్డలు లేదా పాత దినపత్రికలు, ఒక నోటు పుస్తకం దగ్గర పెట్టుకోవాలి.

నమూనా తీయడానికి మూత బిగుతుగా ఉండే స్టెరైల్ (సూక్ష్మజీవులు లేకుండా శుద్ధి చేసిన) ప్లాస్టిక్ గొట్టాలు, 70 శాతం ఆల్కహాలు లేదా స్పిరిట్, దూది, నీటికి చెరగని మార్కర్, ఐస్ ముక్కలతో కూడిన థర్మోకోల్ పెట్టె లేదా నోరు వెడల్పుగా ఉన్న ఫ్లాస్కు అవసరం. గొట్టాలు ఉన్నాయేమోనని ముందుగా మీ పశువైద్యశాలలో అడగండి. అక్కడ లేకపోతే మందుల దుకాణంలో మూత్ర పరీక్షకు ఇచ్చే స్టెరైల్ డబ్బాలను వాడవచ్చు గానీ, వాటి నోరు వెడల్పు కాబట్టి దుమ్ము, వెంట్రుకలు పడే ప్రమాదం ఎక్కువ. ఇంట్లో ఉన్న మందు సీసాను కడిగి వాడటం ఏ విధంగానూ పనికిరాదు.

మొదటి భాగం: ఇంటి దగ్గర పరీక్ష

1. పాలు పితికే వేళకే పరీక్ష పెట్టుకోండి. దూడను వదిలితే గాని చేపని ఆవు అయితే, దూడ కొద్దిగా తాగిన వెంటనే దానిని తప్పించి తల్లి ముందు కట్టండి. దూడ ఒక చన్ను నుంచి మరో చన్నుకు నోరు మారుస్తుంది కాబట్టి జబ్బు కూడా ఆ దారిలోనే మారుతుందని గుర్తుంచుకోండి.

2. చేతులు సబ్బుతో కడుక్కొని, చన్నులను పొడి గుడ్డతో శుభ్రంగా తుడవండి. చన్నులు బాగా మురికిగా ఉంటేనే నీళ్లు వాడాలి, అప్పుడు కూడా చన్నుల వరకే కడిగి వెంటనే పూర్తిగా ఆరేటట్లు తుడవాలి. పొదుగు మొత్తం మీద చెంబుతో నీళ్లు పోసి అలాగే పితికితే, పై నుంచి కారే మురికినీరు చనుకొనల దగ్గరకే చేరుతుంది. ఒకే బకెట్టు నీళ్లు, ఒకే గుడ్డతో కొట్టంలోని ఆవులన్నిటినీ తుడిచే అలవాటు మన పల్లెల్లో విస్తారంగా ఉంది. నా అభిప్రాయంలో పొదుగువాపును ఒక ఆవు నుంచి మరో ఆవుకు మోసే వాటిలో దీనిని మించినది లేదు.

3. ప్రతి చన్ను నుంచి మొదటి మూడు నాలుగు ధారలను నల్లటి గిన్నెలోకి పితికి చూడండి. గడ్డలు, పొరలు, నీళ్ల వంటి పాలు, రక్తపు చారలు కనిపిస్తే అది దాగిన వాపు కాదు, బయటపడిన వాపు. అటువంటప్పుడు ఈ పరీక్షతో కాలయాపన చేయక నేరుగా నమూనా తీసి వైద్యుడిని పిలవండి. ఆ ధారలను నేల మీదకు గాని, మీ అరచేతిలోకి గాని పితకకండి.

4. పళ్లెం పిడిని ఎప్పుడూ ఒకే దిక్కుకు, ఉదాహరణకు ఆవు తల వైపుకు పెట్టి, ఏ గిన్నె ఏ చన్నుదో తారుమారు కాకుండా నాలుగు గిన్నెల్లోకి నాలుగు చన్నుల పాలను విడివిడిగా పితకండి. నాలుగింటినీ కలిపి పరీక్షిస్తే మూడు మంచి చన్నుల పాలలో చెడ్డ చన్ను పాలు పలచబడి ఫలితం దాగిపోతుంది.

5. పళ్లెంను కొద్దిగా వంచి, ప్రతి గిన్నెలోనూ సుమారు 2 మిల్లీలీటర్ల పాలు మాత్రమే మిగిలేటట్లు ఎక్కువైనవి ఒంపేయండి. తరువాత అంతే పరిమాణంలో ద్రావణం పోయండి. ద్రావణం ఎక్కువైనా, తక్కువైనా ఫలితం తప్పుతుంది.

6. పళ్లెంను గుండ్రంగా నెమ్మదిగా తిప్పుతూ 10 సెకన్లకు చూడటం మొదలుపెట్టి, 20 సెకన్ల లోపల ఫలితం నిర్ణయించండి. ఆలస్యం చేస్తే లేత జిగురు విడిపోయి, జబ్బున్న చన్ను కూడా మంచిదిగానే కనిపిస్తుంది.

7. ఫలితాన్ని ఇలా చదవండి. మిశ్రమం నీళ్లలాగే జారుతూ ఉంటే ఆ చన్నులో వాపు లేదు. అడుగున సన్నని జిగురు కనిపించి, తిప్పుతూ ఉంటే మాయమైతే అది అనుమానం. దానిని 'అ' అని రాసుకోండి. జిగురు స్పష్టంగా ఉండి, ముద్ద కట్టకపోతే 1, ముద్దలాగా మారి తిప్పినప్పుడు గిన్నె మధ్యకు చేరితే 2, మధ్యలో గుబ్బలాగా లేచి అడుగుకు అతుక్కుంటే 3. దుకాణంలో కొన్న ద్రావణంలో రంగు కూడా ఉంటుంది. ముదురు ఊదా రంగు పాలు క్షారగుణానికి మారాయని సూచిస్తుంది గానీ, నిర్ణయం మాత్రం చిక్కదనాన్ని బట్టే చేయాలి. సందేహంగా ఉంటే మిశ్రమాన్ని మెల్లగా ఒంపి చూడండి, జిగురు ఉంటే ఒకేసారి ముద్దగా జారిపడుతుంది.

8. తేదీ, ఆవు గుర్తు, నాలుగు చన్నుల ఫలితాలు వెంటనే నోటు పుస్తకంలో రాయండి. పళ్లెంను కడిగి తరువాతి ఆవు దగ్గరకు వెళ్లండి.

ఈ పరీక్ష వెనుక ఉన్న సంగతి చిన్నదే. వాపు వచ్చిన చన్నులోకి రోగంతో పోరాడే తెల్ల రక్తకణాలు పెద్ద సంఖ్యలో చేరుతాయి, డిటర్జెంట్ ఆ కణాలను పగలగొట్టినప్పుడు వాటి లోపలి డి.ఎన్.ఎ. జిగురుగా మారుతుంది. ఆరోగ్యకరమైన చన్ను పాలలో మిల్లీలీటరుకు సాధారణంగా 2 లక్షల లోపు కణాలే ఉంటాయి, ఫలితం 3 వచ్చిన పాలలో ఆ సంఖ్య 50 లక్షలు దాటవచ్చు. ఇదే వాపు వల్ల పాలలోని లాక్టోజు అనే చక్కెర, కేసిన్ అనే మాంసకృత్తు తగ్గి, ఉప్పు లవణాలు పెరుగుతాయి. పాల కేంద్రంలో ఎస్.ఎన్.ఎఫ్. పడిపోవడానికి, పాలు కొద్దిగా ఉప్పగా అనిపించడానికి మూలం ఇదే.

ఈ పరీక్షను ఎప్పుడు నమ్మకూడదు

ఈనిన మొదటి వారంలో జున్నుపాలు, ఆ తరువాతి పాలు సహజంగానే చిక్కబడతాయి. వట్టిపోయే ముందు రోజుకు రెండు మూడు లీటర్లకు దిగిన ఆవులోనూ అలాగే జరుగుతుంది. ఈ రెండు సందర్భాల్లో నాలుగు చన్నులూ సమానంగా జిగురు చూపితే కంగారు పడవలసిన పని లేదు, ఒక్క చన్ను మాత్రమే మిగిలిన మూడింటికంటే స్పష్టంగా వేరుగా ఉంటే అది వాపే. అసలు ఏ సమయంలోనైనా ఒకే ఆవులోని చన్నుల మధ్య తేడా చూడటం, అంకె కంటే ఎక్కువ నమ్మదగిన పద్ధతి.

డిటర్జెంట్ పొడి వాడేవారు ముందుగా ద్రావణాన్నే పరీక్షించుకోవాలి. పొడులన్నీ ఒకే బలంతో ఉండవు. మంచి పాలు ఇస్తున్న, మధ్య ఈతలో ఉన్న ఆవు పాలతో ఒకసారి, వాపు ఉన్నట్లు తెలిసిన చన్ను పాలతో ఒకసారి చూసి, మొదటిది జారుగా, రెండవది జిగురుగా కనిపించిన తరువాతే ఆ ద్రావణాన్ని మిగిలిన ఆవులకు వాడండి. పాలు పితికి గంటల తరబడి నిల్వ ఉంచి పరీక్షించడం కూడా సరికాదు. పితికిన వెంటనే చూడాలి.

పాలిచ్చే ఆవులన్నిటికీ నెలకొకసారి, వానల కాలంలో పదిహేను రోజులకొకసారి, కొత్తగా కొన్న ఆవుకు మందలో కలిపే ముందు, వట్టిపోయించడానికి రెండు వారాల ముందు ఈ పరీక్ష చేయడం మంచిది. సంతలో కొనే ఆవును అక్కడే పరీక్షిస్తామంటే అమ్మేవారు ముఖం మాడ్చుకోవచ్చు, అయినా అడగండి.

రెండవ భాగం: నమూనా తీసి పంపడం

ఫలితం 1 లేదా అంతకంటే ఎక్కువ వచ్చిన చన్నుకు, లేదా 'అ' అని వరుసగా రెండుసార్లు వచ్చిన చన్నుకు నమూనా తీయాలి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం 2005లో ఏర్పడింది, దాని కిందనున్న పశువైద్య కళాశాల అంతకు అర్ధశతాబ్దం ముందు, 1955లోనే మొదలైంది. మన జిల్లాల రైతులకు ఇంత దగ్గరలో ఇటువంటి సంస్థ ఉండటం ఒక సౌకర్యమే. అయితే నమూనా తీసుకొని నేరుగా బయలుదేరకుండా, ముందుగా మీ ఊరి పశువైద్యుడిని కలిసి, అక్కడికి పంపాలా లేక జిల్లాలోని వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు పంపాలా, ఏ రోజు ఏ వేళకు తీసుకుంటారు, ఆయన రాసిచ్చే ఉత్తరం కావాలా అన్న మూడు విషయాలు తెలుసుకోండి. శనివారం సాయంత్రం తీసిన నమూనా ఆదివారమంతా ఎక్కడో ఒక మూల ఉండిపోతే అందులో పెరిగేది వాపు సూక్ష్మజీవి కాదు, దారిలో చేరిన మురికి.

1. నమూనాను ఏ యాంటీబయాటిక్ కూడా వేయకముందే తీయండి. ఇంజక్షను గాని, చన్నులోకి ఎక్కించే ట్యూబు గాని వేసిన తరువాత తీస్తే, సూక్ష్మజీవి చన్నులో ఉండి కూడా ప్రయోగశాలలో పెరగకపోవచ్చు. వైద్యుడు రాత్రివేళ వచ్చి వెంటనే మందు వేయవలసి వచ్చినా, ఆయన ట్యూబు విప్పేలోపు రెండు నిమిషాల్లో నమూనా తీసి ఫ్రిజ్‌లో పెట్టవచ్చు. అలా చేయమని ఆయనను మీరే అడగండి.

2. గొట్టం మీద ఆవు గుర్తు, చన్ను పేరు, తేదీ, వేళ ముందుగానే రాయండి. 'ముందు కుడి', 'వెనుక ఎడమ' అని పూర్తిగా రాయడమే మేలు. కుడి, ఎడమ అన్నవి ఆవు వెనుక నిలబడి, అది చూస్తున్న వైపుకే మీరూ చూస్తున్నప్పటి లెక్క. తడి చేతితో పాలు పడిన గొట్టం మీద తరువాత రాయడం సాధ్యం కాదు.

3. చేతులు కడుక్కొని ఆరబెట్టుకోండి. చన్నులు పొడిగా తుడిచి, మొదటి నాలుగైదు ధారలు పారబోయండి. దూడ తాగిన చన్ను అయితే ఉమ్మి పూర్తిగా పోయేలా మళ్లీ కడిగి ఆరబెట్టాలి.

4. స్పిరిట్‌లో తడిపిన దూదితో చనుకొనను, రంధ్రం చుట్టూ గట్టిగా రుద్ది తుడవండి. దూది మీద మురికి కనిపించినంతకాలం కొత్త దూది మారుస్తూ తుడవాలి. తుడిచేటప్పుడు మీకు దూరంగా ఉన్న చన్నులతో మొదలుపెట్టి దగ్గరి వాటితో ముగించండి, నమూనా తీసేటప్పుడు దగ్గరి వాటితో మొదలుపెట్టి దూరపు వాటికి వెళ్లండి. ఇలా చేస్తే శుభ్రం చేసిన చన్నుకు మీ చేయి తగలదు.

5. స్పిరిట్ ఆరే వరకు అర నిమిషం ఆగండి. తడి స్పిరిట్ పాలలో కలిస్తే సూక్ష్మజీవులను చంపుతుంది.

6. గొట్టం మూతను తీసి, లోపలి వైపు కిందికి ఉండేటట్లు చిటికెన వేలితో పట్టుకోండి. మూతను నేల మీద గాని, బకెట్టు అంచు మీద గాని పెట్టకూడదు. గొట్టాన్ని నిలువుగా కాకుండా ఏటవాలుగా పట్టుకొని, ధారను పక్కకు తిప్పి, 5 నుంచి 10 మిల్లీలీటర్లు మాత్రమే పితికి వెంటనే మూత బిగించండి. గొట్టం నిలువుగా ఉంటే పొదుగు మీది వెంట్రుకలు, పేడ రేణువులు అందులోకి రాలుతాయి. చనుకొన గొట్టానికి తగిలిందంటే ఆ గొట్టాన్ని పక్కన పడేసి మరొకటి తీసుకోవాలి.

7. వెంటనే ఐస్ పెట్టెలో ఉంచి, 24 గంటల లోపల ప్రయోగశాలకు చేర్చండి. కుప్పం వంటి దూరపు ఊళ్ల నుంచి పంపేవారు ఉదయం పూట నమూనా తీసి అదే రోజు పంపడం మేలు. చేర్చలేని పరిస్థితి ఉంటే ఫ్రిజ్ పై అరలో గడ్డ కట్టించి ఉంచవచ్చు గానీ, గడ్డ కట్టిన పాలలో ఇ.కోలై వంటి కొన్ని సూక్ష్మజీవులు తగ్గిపోతాయని ఫలితం చదివేటప్పుడు గుర్తుంచుకోవాలి.

8. నమూనాతో పాటు ఒక కాగితం మీద ఆవు జాతి, ఎన్నో ఈత, ఈని ఎన్ని నెలలైంది, సి.ఎం.టి. ఫలితం, ఇంతకుముందు ఏ మందు ఎప్పుడు వేశారు అన్నవి రాసి పంపండి. సూక్ష్మజీవిని పెంచి చూడటంతో పాటు ఏ యాంటీబయాటిక్ పని చేస్తుందో చూసే పరీక్ష కూడా చేయమని కోరండి.

నివేదిక వచ్చాక

స్టెఫిలోకాకస్ ఆరియస్, స్ట్రెప్టోకాకస్ అగలాక్షియే అన్న పేర్లు కనిపిస్తే జబ్బు ఒక ఆవు నుంచి మరో ఆవుకు పాలు పితికే చేతుల ద్వారా, గుడ్డ ద్వారా, యంత్రం ద్వారా పాకుతోందని అర్థం. ఆ ఆవును అన్నిటికంటే చివర పితకాలి. ఇ.కోలై, క్లెబ్సియెల్లా, స్ట్రెప్టోకాకస్ యుబెరిస్ వంటివైతే అవి ప్రధానంగా పేడ, బురద, తడిసిన పడక నుంచి వస్తాయి కాబట్టి కొట్టం నేలను సరిచేయకుండా ఎంత మందు వేసినా జబ్బు మళ్లీ వస్తుంది.

ఏమీ పెరగలేదని నివేదిక వస్తే చన్ను పూర్తిగా ఆరోగ్యంగా ఉందని తేల్చుకోకండి. స్టెఫిలోకాకస్ ఆరియస్ పాలలోకి రోజూ ఒకే విధంగా రాదు, కొన్నాళ్లు వచ్చి కొన్నాళ్లు ఆగుతుంది. సి.ఎం.టి.లో జిగురు కొనసాగుతుంటే వారం తరువాత మళ్లీ నమూనా పంపండి. మూడు నాలుగు రకాల సూక్ష్మజీవులు కలిసి పెరిగాయని వస్తే సాధారణంగా అది జబ్బు సంగతి కాదు, నమూనా మురికిపడిన సంగతి. రెండవ భాగంలోని నాలుగవ, ఆరవ మెట్లను మరింత జాగ్రత్తగా పాటించి మళ్లీ తీయండి.

మందు ఎంపిక, మోతాదు, ఎన్నాళ్లు అన్నవి వైద్యుడే నిర్ణయించాలి. మీరు చూసుకోవలసినవి వేరే ఉన్నాయి. పొదుగు తగ్గినట్లు కనిపించగానే కోర్సును మధ్యలో ఆపకూడదు. ట్యూబు ఎక్కించే ముందు చనుకొనను స్పిరిట్‌తో తుడవాలి, ట్యూబు మొన కొసను మాత్రమే లోపలికి పెట్టాలి, ఒక ట్యూబును రెండు చన్నులకు పంచకూడదు. పాలు దిగడం లేదని చన్ను రంధ్రంలో పుల్ల, సూది, ఈక దూర్చడం వల్ల బాగుపడిన చన్ను లేదు, చెడిపోయిన చన్నులు చాలా ఉన్నాయి. మందు డబ్బా మీద రాసిన నిషేధ గడువు ముగిసే వరకు ఆ ఆవు పాలను, జబ్బు లేని చన్నుల పాలతో సహా, కేంద్రంలో పోయకూడదు, ఇంట్లో వాడకూడదు. ఆ పాలు కలిసిన క్యానులో పెరుగు తోడుకోకపోవడం ఒక్కటే నష్టం కాదు, తాగేవారికి కూడా హాని.

కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు నూరి పొదుగుకు పట్టించే పద్ధతిని జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ప్రచారం చేస్తోంది, దాని గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. వాపు తొలిదశలో, ఆవు జ్వరం లేకుండా మేత మేస్తున్నప్పుడు, పాలు పూర్తిగా పితికి, పొదుగు కడిగిన తరువాత రోజుకు అనేకసార్లు పట్టించవచ్చు. నమూనా తీయడానికి ముందు మాత్రం పట్టించకండి. ఆవు మేత మానేసి, చెవులు చల్లబడి, పాలు పసుపు నీళ్లలాగా మారితే, లేదా పొదుగు నీలంగా, చల్లగా అయితే ఏ పూతతోనూ ఒక గంట కూడా వృథా చేయవద్దు. అది ప్రాణం మీదకు వచ్చే స్థితి. వెంటనే వైద్యుడిని పిలవండి, ఆయన అందుబాటులో లేకపోతే 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం కోసం అడగండి.

మళ్లీ రాకుండా, వచ్చింది పోయిందో లేదో చూడటానికి

పాలు పితికిన వెంటనే నాలుగు చన్నులనూ అయోడిన్ ద్రావణంలో ముంచండి. 10 శాతం పొవిడోన్ అయోడిన్ ఐదు పాళ్లు, శుభ్రమైన నీరు నాలుగు పాళ్లు, గ్లిజరిన్ ఒక పాలు కలిపి ఏ రోజుకారోజు తాజాగా చేసుకోవచ్చు. ముంచిన తరువాత మిగిలిన ద్రావణాన్ని తిరిగి సీసాలో పోయకండి. చనురంధ్రం పితికిన తరువాత అర గంట నుంచి గంట వరకు పూర్తిగా మూసుకోదు కాబట్టి, ఆ సమయంలో ఆవు పడుకోకుండా దాణానో పచ్చిమేతనో అప్పుడే వేయండి. పితికే ముందు దాణా పెట్టి ఊరుకునే అలవాటు ఉన్నవారు కొంత మేతను పితికిన తరువాతకు మిగిల్చినా చాలు. బొటనవేలిని మడిచి పితకడం మానేసి, పిడికిలి నిండా పట్టి పితకడం నేర్చుకుంటే చన్ను లోపలి పొర నలగదు.

మందు ముగిసిన తరువాత రెండు వారాలకు ఒకసారి, నాలుగు వారాలకు మరోసారి అదే చన్నుకు సి.ఎం.టి. చేయండి. రెండుసార్లూ జారుగా ఉంటేనే బాగయినట్లు లెక్క. పొదుగు మెత్తబడినా కణాల సంఖ్య తగ్గడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి, రెండు వారాల పరీక్షలో కొద్దిగా జిగురు కనిపించినంత మాత్రాన మరో కోర్సు మొదలుపెట్టకండి. నాలుగు వారాల తరువాత కూడా 2 లేదా 3 వస్తే మళ్లీ నమూనా పంపి, ఆ చన్నును ఈ ఈతలోనే బాగుచేయడానికి ప్రయత్నించాలా, లేక ఈనడానికి సుమారు 60 రోజుల ముందు ఆవును వట్టిపోయించి, ఆఖరి పితుకు తరువాత ఎక్కువ కాలం పనిచేసే ట్యూబులు వేయించాలా అన్నది మీ నోటు పుస్తకం చూపించి వైద్యుడితో మాట్లాడండి. స్టెఫిలోకాకస్ ఆరియస్ పాతుకుపోయిన చన్నులు చాలావరకు రెండవ పద్ధతిలోనే బాగుపడే అవకాశం ఎక్కువ, అప్పటికీ తగ్గకపోతే ఆ ఆవును మందలో ఉంచడం మిగిలిన ఆవులకు ప్రమాదం.